మా బావ పెట్టిన పదకొండు లినక్సులు

మా బావకు వీధిలో ఒక పేరుంది. ‘ఇదా-అదా’. ముఖం మీద ఎవరూ అనరు, నేను తప్ప.

అతనిది కళ్లద్దాల షాపులో ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా ఒకే షాపు, ఒకే స్టూలు. వెనక గదిలో లైటు తీసేసి, వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన గుండ్రటి ఫ్రేము ఒకటి పెడతాడు. పెట్టెలోంచి ఒక అద్దం తీసి అందులో దూర్చి “ఇది బాగుందా?” అంటాడు. అది తీసి ఇంకోటి పెట్టి “ముందుది బాగుందా?” అంటాడు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి మూడోది తీస్తాడు. రోజుకు పాతిక మందిని అలా అడుగుతాడు.

అలవాటును షాపులో వదిలేసి ఇంటికొచ్చే మనిషి కాదు. తువ్వాళ్లు కొనడానికి వెళ్తే రెండేసి పట్టుకుని వెలుతురులోకి వెళ్లి చూస్తాడు. మూడోది చూపిస్తే షాపువాళ్ల మీద విసుక్కుంటాడు. మూడు ఒకేసారి చూపిస్తే మనిషి తెలియకుండానే అబద్ధం చెబుతాడన్నది అతని సిద్ధాంతం. వాళ్ల హాల్లో, టీవీ పక్కన, గోడ మీద రెండు ఆకుపచ్చ పట్టీలు ఉంటాయి. ఇంటికి రంగు వేయించాలని ఆరేళ్ల కింద నమూనాకి పూయించినవి. ఆ రెండిట్లో ఏదో ఇంకా తేలలేదు.

అతనికి ఇంకో సిద్ధాంతం ఉంది. అది నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే మేం పక్క వాటాలోనే ఉంటాం, పొద్దున టీ అక్కడే తాగుతాను. “రెండూ ఒకేలా ఉన్నాయండీ అని మనిషి అన్నాడంటే రెండే అర్థాలు మరదలా. పవరు కుదిరిందన్నమాట. లేదంటే ఆ కన్ను అద్దాలతో బాగుపడేది కాదు, డాక్టరు దగ్గరికి పంపేయాలి. ఆ మాట రాగానే నేను అద్దాలు మార్చడం ఆపేస్తా.” ఈ ముక్క చెప్పి బావ వేలు పైకెత్తేవాడు. చాలా సార్లు ఎత్తాడు.

షాపుకి వచ్చేవాళ్లను తలుచుకుని నవ్వడం కూడా టీ దగ్గరే. “ఇవాళ ఒకాయన వచ్చాడు. ఈమధ్య పేపరువాళ్లు ఇంకు పల్చగా కొడుతున్నారట. చదవడానికి రావట్లేదట. నీ కళ్లు చూపించుకోవయ్యా అంటే, ముందు వాళ్లకు చెప్పండి అంటాడు!” అక్క కూడా నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు. ఆ పేపరు నాకూ అలాగే అనిపించేది.

మా అక్క, అంటే అతని భార్య, ఇంట్లోనే కూర్చుని టైపు చేస్తుంది. నగరసభ, అంటే మున్సిపాలిటీ, సమావేశాల్లో సభ్యులు మాట్లాడింది, అరుచుకుంది, మంచినీళ్లు అడిగింది, అంతా రికార్డు చేసి ఆ ఆఫీసువాళ్లు అక్కకు పంపుతారు. అక్క చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద చిన్న పెడలు పెట్టుకుని కూర్చుంటుంది. పెడలు నొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. కీబోర్డు పక్కన కాగితం మీద ఆ రోజు ఎజెండా ఉంటుంది. వార్డు నంబర్లు, తీర్మానాల నంబర్లు, సభ్యుల పేర్లు అందులో చూసి కొడుతుంది. మిగతాదంతా విని కొడుతుంది. వేళ్ల వంక చూడదు. పద్నాలుగేళ్లుగా చేస్తున్న పని. ఆ ఆఫీసులో ఇంటి దగ్గర టైపు చేసేవాళ్ల జాబితా ఒకటి ఉంటుంది, అందులో అక్క పేరు మొదటిది. అది అక్షర క్రమం వల్ల కాదు. ఆ సంగతి మాకు అక్కే చెప్పింది, నాలుగైదు సార్లు. ఆ పనంటే దానికి ప్రాణం.

కిందటేడు ఆ ఆఫీసు నుంచి కాగితాలు ఎర్ర గీతలతో తిరిగి రావడం మొదలైంది. మూడో వార్డు అని ఉండాల్సిన చోట ఎనిమిదో వార్డు. యాభై ఆరో తీర్మానం బదులు యాభై ఎనిమిది. ఎనిమిదో వార్డులో ఎవరూ అడగని మురుగు కాలువ ఒకటి దాదాపు మంజూరైపోయిందట. తరువాత ఒక ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాశారు. అక్కడ రూలు ఏమిటంటే, అలాంటి ఉత్తరాలు మూడు అందుకున్నవాళ్ల పేరు జాబితాలోంచి తీసేస్తారు. మళ్లీ ఎక్కించరు.

ఆ ఉత్తరం చదివాక అక్క బావతో ఒక్క మాట అంది. “స్క్రీను మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటున్నాయండీ.”

బావకు ఆ మాట చాలు.

కంప్యూటరుకి అప్పటికి తొమ్మిదేళ్లు. అందులో ఉన్న పాత సిస్టానికి కాలం చెల్లిందనీ, కొత్తది ఈ మిషనులో ఎక్కదనీ అదే రోజూ పొద్దున్నే తెర మీద చెబుతోంది. సరిగ్గా ఆ వారంలోనే కాలేజీ కంప్యూటర్ లాబ్‌లో పనిచేసే ఒకాయన కళ్ల పరీక్షకు వచ్చాడు. ముక్కు మీద ఫ్రేముతో, అటూ ఇటూ కదలడానికి లేకుండా కూర్చుని, పాత సిస్టం బదులు ఉచితంగా ఎక్కించుకోగలిగే లినక్స్ గురించి గంటసేపు చెప్పాడు. బావ ఇంటికి వచ్చేటప్పటికి మనిషి వెలిగిపోతున్నాడు.

“లారీ లాంటిది మరదలా,” అన్నాడు. “ఇంజనూ ఛాసీ ఒకటే. దాని మీద బాడీ కట్టేవాళ్లు వేరే. ఒక్కొక్కళ్లు ఒక్కో రకంగా కడతారు. లోపల డ్రైవరు సీటు, గేరు, హారను ఎక్కడుండాలో చూసేవాళ్లు మళ్లీ వేరే. ఆ సీటునే డెస్క్‌టాప్ అంటారు. నీకు నచ్చిన బాడీ తీసుకుని దాంట్లో నీకు నచ్చిన సీటు బిగించుకోవచ్చు.”

“ఎన్ని రకాలున్నాయి?” అన్నాను.

“బాడీలు వందల్లో ఉన్నాయిట. సీట్లు ఒక డజను ఉంటాయేమో.”

ఆరేళ్లుగా రెండు పచ్చ పట్టీల మధ్య తేల్చుకోలేని మనిషి చేతికి వందల్లో దొరికాయి.

మొదటిది మింట్. దాని మీద సీటు పేరు సినమన్. మెనూ కింద ఎడమ మూల, గడియారం కింద కుడి మూల, అంటే పాతదాంట్లో ఏవి ఎక్కడుండేవో ఇంచుమించు అక్కడే ఉన్నాయి. అక్క కూర్చుని నాలుగు పేజీలు కొట్టి “బాగానే ఉందండీ” అంది. మామూలు మనిషైతే అక్కడితో చేతులు కడుక్కుని లేచేవాడు. బావ నాలుగు రోజులు ఆలోచించాడు. “బాగానే ఉంది అంటే ఏంటి? దేనికంటే బాగుంది?” అన్నాడు. ఒకటే చూసి బాగుందనడం అతని వృత్తిలో చెల్లదు. అందుకని రెండోది పెట్టాడు.

రెండోది ఉబుంటు, సీటు గ్నోమ్. ఇందులో బొమ్మలు ఎడమ పక్కన నిలువుగా వరస కట్టి ఉంటాయి, గడియారం పై అంచున మధ్యలో ఉంటుంది. బావ అక్క వెనకాల నిలబడి, గొంతు కూడా షాపులో మాదిరిగా మార్చి “ఇదా, ముందుదా?” అన్నాడు.

అక్క తెర వంక చూసి “రెండూ ఒకేలాగే ఉన్నాయండీ,” అంది.

బావ మనసు చివుక్కుమంది. ఒకదానికి అన్నీ అడుగున, ఇంకోదానికి పక్కనా పైనా. ఒకేలా ఎలా ఉంటాయి? దానికి శ్రద్ధ లేదని నాతో చెప్పుకుని బాధపడ్డాడు. తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేది వెతకాలనుకున్నాడు.

మూడోది ఫెడోరా. నాలుగోదాని మీద సీటు కేడీఈ. అందులో మనిషి మార్చలేనిది ఏదీ లేదు. అది కొందరికి వరం. బావ గడియారం ఒక్కదాని మీదే పన్నెండు రోజులు కూర్చున్నాడు. అక్షరాల సైజు పదకొండా పన్నెండా, అంచులు నున్నగా ఉండాలా పదునుగా ఉండాలా, నలుపు మరీ నలుపా కొంచెం తగ్గించాలా, ఒక్కొక్కటీ రెండేసి సార్లు అడిగాడు. అక్క అన్నిటికీ అదే జవాబు చెప్పింది. అయిదోది డెబియన్, సీటు ఎక్స్‌ఎఫ్‌సీఈ. చూడటానికి సాదాగా ఉంటుంది, బరువు తక్కువ. పాత కంప్యూటరు దాంతో హాయిగా నడిచింది. నాకు అది నచ్చింది. నన్నెవరూ అడగలేదు.

ఏదైనా ఎక్కించే ముందు పెన్‌డ్రైవు లోంచే నడిపి చూడొచ్చట. అందుకని బావ ఒక్కోదానికి ఒక్కో పెన్‌డ్రైవు కొన్నాడు. వాటిని షాపులో అద్దాలు పెట్టే కాగితం కవర్లలో దాచాడు. ఆ కవరు మీద ‘కుడి’, ‘ఎడమ’ అని రెండు గళ్లు అచ్చేసి ఉంటాయి. కుడి గడిలో బాడీ పేరు, ఎడమ గడిలో సీటు పేరు రాసేవాడు. అడుగున తేదీ, సంతకం. ఆ కవర్లన్నీ బిస్కెట్ల డబ్బాలో నిలబెట్టి బీరువాలో పెట్టాడు. వాళ్ల పెళ్లి ఫొటోల మీద అంత జాగ్రత్త చూపించగా నేను చూడలేదు.

మార్చిన ప్రతిసారీ పెడలు మళ్లీ కుదర్చాలి. ఆరోదాంట్లో అది తిరగబడింది. నొక్కితే మాట ఆగేది, కాలు ఎత్తితే నడిచేది. చూస్తాలే అని బావ షాపుకి వెళ్లిపోయాడు. అక్క ఆ వారమంతా కాలు గాల్లో పెట్టి నగరసభను నడిపింది. నాకైతే ఒళ్లు మండేది. అక్క ఏమీ అనదు. అది దాని గుణం. చిన్నప్పుడు ఇంట్లో ఏదైనా పగిలితే అది నేనని అందరికీ తెలిసిపోయేది, ఎందుకంటే అక్క మాట్లాడకుండా నిలబడేది.

తొమ్మిదోది నడుస్తుండగా రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి మర్యాద కొంచెం తగ్గింది. అక్క దాన్ని మడిచి కీబోర్డు కింద పెట్టుకుంది. “పద్నాలుగేళ్లు,” అంది, అంతే. ఆ పూట హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెడలు నొక్కకుండా కూర్చుంది. నేను గుమ్మంలోంచి చూసి వెనక్కి వచ్చేశాను.

బావ కూడా కంగారు పడ్డాడు. అతని కంగారు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. పదోది వచ్చింది. అక్షరాలు అన్నిటికంటే స్పష్టంగా ఉంటాయని ఎవరో అన్నారని పదకొండోది వచ్చింది. అందులో మెనూ పై అంచుకి వెళ్లింది, విండోలు మూసే గుర్తు ఎడమ పక్కకి వచ్చింది, వెనక రంగు ఊదా. అది బావకే నచ్చలేదు.

“ఏం చూపించినా రెండూ ఒకటే అంటుంది,” అన్నాడు నాతో. “కళ్లెదురుగా ఉన్న తేడా కూడా చూడకపోతే నేనేం చేయను?”

ఆ మాట అన్నది కళ్లు పరీక్ష చేసే మనిషి. విన్నదాన్ని నేను. ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ తప్పులో నాకూ సగం ఉంది, అది ఇక్కడే చెప్పేస్తున్నాను.

నాది బడి ఆఫీసులో గుమాస్తా పని. మార్కుల కాగితాలు సరిచూసి, తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకుంటే నాకు జీతం ఇస్తారు. ఆ శనివారం సెలవు. ఎర్ర గీతలు పడ్డ కాగితాలన్నీ ఇమ్మని అక్కను అడిగి, వాళ్ల భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం షాపు మూస్తారు కాబట్టి బావ అన్నానికి వచ్చాడు. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో పన్నెండో కవరు మీద ఏదో రాస్తున్నాడు.

నలభై ఒక్క తప్పులు. అందులో ముప్పై ఎనిమిది నంబర్లు. మిగతా మూడు పేర్లు. విని కొట్టిన వందల పేజీల్లో ఒక్క మాట కూడా పోలేదు, దగ్గుతో సహా అన్నీ ఉన్నాయి. నంబర్లూ పేర్లూ ఎక్కడివి? ఎజెండాలోవి. ఎజెండా ఎక్కడుంటుంది? కీబోర్డు పక్కన, కాగితం మీద. నేను ఇంకోసారి మొదటినుంచీ చూశాను. అలాగే ఉంది.

“బావా,” అన్నాను. “కాగితానికి ఏ లినక్స్ వేస్తావు?”

“ఏంటి?”

“తప్పులన్నీ కాగితం చూసి కొట్టినవే. స్క్రీను చూసి చేసింది ఒక్కటీ లేదు. ఎన్ని మార్చినా కాగితం అదే కదా.”

బావ కాగితాలు లాక్కున్నాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక్కొక్కటే చూశాడు. మూడు, ఎనిమిది. ఆరు, ఎనిమిది. అయిదు, ఆరు. చార్టు మీద జనం పొరబడే అంకెలు అవే. అతనికంటే బాగా ఆ సంగతి ఎవరికీ తెలియదు. తరువాత తల ఎత్తి అక్క వంక చూశాడు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“రెండూ ఒకటే అంది,” అన్నాడు బావ. నాతో కాదు. “పదిసార్లు అంది.”

చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. పళ్లెంలో అన్నం సగం అలాగే ఉంది. అరగంటలో తిరిగి వచ్చాడు. చంకలో అక్షరాల చార్టు, చేతిలో అద్దాల పెట్టె. ఇరవై ఆరేళ్లలో ఆ పెట్టె షాపు గడప దాటడం అదే మొదటిసారి.

చార్టును గోడకు, ఆ రెండు పచ్చ పట్టీల పక్కన తగిలించాడు. ఆరు మీటర్ల దూరం కావాలి. హాలు అంత లేదు. టేపుతో కొలిచి అక్కను వంటింట్లో, గ్యాసు పొయ్యి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అక్క కళ్లజోడు తీసి దాని ఒళ్లో పెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, కుడి కన్ను మూశాడు.

“పైన ఉన్న పెద్దది చెప్పు.”

“ఏదో ఉందండీ అక్కడ.”

ఒక అద్దం పెట్టాడు. “ఇది బాగుందా?” మార్చాడు. “ముందుది బాగుందా?”

“రెండూ ఒకేలాగే ఉన్నాయండీ.”

ఈసారి బావ నొచ్చుకోలేదు. అద్దం తీసేసి, జేబులోంచి చిన్న టార్చి తీసి అక్క కంట్లోకి వేశాడు. వంగి చూశాడు. తరువాత నేను చూశాను. నల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు పొర ఉంది. బావ టార్చి ఆర్పి మళ్లీ వేశాడు.

“ఎప్పటినుంచి?”

“ఏడాది అయ్యుంటుంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయని చెప్పాను కదండీ. మీరు స్క్రీను మార్చారు.”

అక్క ఒళ్లోని కళ్లజోడు చేతిలోకి తీసుకుంది. “ఈ జోడు మీరు చేసిందే కదా. నాకోసం అంచులు మీ చేత్తో అరగదీసి, వారం కూర్చున్నారు. అదే పనిచేయట్లేదంటే ఇక కళ్లే పోతున్నాయనుకున్నా. భయమేసిందండీ. నోటితో అంటే నిజమైపోతుందేమో అనిపించింది.” కొంచెం ఆగి, “పైగా కంప్యూటరుకే పదకొండు పెట్టారు. కళ్లకైతే ఎన్ని పెట్టేవారో,” అంది.

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. బావ పొయ్యి గట్టు మీద టార్చి పెట్టి, “పేపరువాళ్ల ఇంకు మీద పడేవాళ్లను చూసి ఇన్నేళ్లు నవ్వాను,” అన్నాడు.

సోమవారం కంటి ఆసుపత్రికి వెళ్లాం. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎడమది బాగా ముదిరింది, కుడిది ఆ దారిలోనే ఉంది. నలభై తొమ్మిదేళ్లకే వస్తాయా అని అడిగాను. కొందరికి వస్తాయి అంది డాక్టరమ్మ. కంటి వెనక నరం, రెటీనా అన్నీ బాగున్నాయని, ఆపరేషను చేస్తే చూపు తిరిగొస్తుందని చెప్పింది. ఎడమ కన్ను మూడు వారాల తరువాత, కుడి కన్ను ఇంకో నెలకి. బావ తల ఊపుతూ అంతా విని, వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చుని ఏడ్చాడు. నేను మందుల చీటీ చదువుతున్నట్టు నిలబడ్డాను. రెండు వైపులా చదివాను.

ఇక మిగిలింది నగరసభ. ఆపరేషనుకి ముందు మూడు సమావేశాలు టైపు చేసి పంపాలి. ఇంకొక్క ఉత్తరం వస్తే పేరు పోతుంది. కళ్లు వచ్చాక పని ఉండదు.

“ఏది పెట్టమంటే అది పెడతా,” అన్నాడు బావ. “మింట్ వెనక్కి తెమ్మంటావా? అక్షరాలు పెద్దవి చేస్తా.”

“ఏదీ పెట్టొద్దు. మీకు దణ్ణం పెడతా,” అంది అక్క. “నాకేదీ కనబడట్లేదు. ఎక్కడేముందో చెయ్యి నేర్చుకుంటోంది. నేర్చుకునేలోగా మీరు మార్చేస్తున్నారు. ఇప్పుడిప్పుడే ఇది అలవాటైంది.”

అలా పదకొండోది నిలిచిపోయింది, బావకు నచ్చనిదే. షాపు మూసి ఏడింటికల్లా వచ్చి అక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఎజెండా చేతిలో పట్టుకుని చదివేవాడు. “వార్డు మూడు. మూడు. ఎనిమిది కాదు.” అక్క కొట్టేది. అతను తెర మీద చూసి సరే అనేవాడు. ఆదివారాలు పేజీలన్నీ నేను మొదటినుంచి చదివేదాన్ని. ఒక రోజు చదువుతుండగా తెర మూలన చిన్న డబ్బా లేచింది. కొత్త వెర్షను వచ్చిందిట, ఎక్కించమంటారా అని. అక్కకు అది కనబడలేదు. బావకు కనబడింది. చాలాసేపు దాని వంక చూశాడు. తరువాత వద్దు అని నొక్కి, “వార్డు పదకొండు,” అన్నాడు. ఇన్నేళ్లలో అతని మీద నాకు గౌరవం కలిగిన సందర్భాలు ఎక్కువ లేవు. అదొకటి.

మొదటి సమావేశం కాగితాలు రెండు ఎర్ర గీతలతో వచ్చాయి. ఆ రెండూ అక్క సరిగ్గా కొడితే బావ దిద్దినవి. రెండు గీతలకు ఉత్తరం రాయరు. మిగతా రెండు సమావేశాలకీ గీతలే రాలేదు. పేరు జాబితాలో నిలిచింది, అక్షర క్రమం వల్ల కాకుండా, మొదట్లోనే.

ఎడమ కన్ను అయింది. నెలకి కుడి కన్ను కూడా అయింది. ఈ మధ్యలో అక్క ఆఫీసుకి చెప్పి సెలవు తీసుకుంది. చుక్కల మందు గంట గంటకీ బావ వేశాడు. ఎప్పుడేది వేయాలో డాక్టరమ్మ రాసిచ్చినందుకు నేను ఆవిడకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. లేకపోతే ఆ సీసాలు కూడా రెండేసి చూపించేవాడు.

మందులన్నీ అయ్యి, చదవడానికి కొత్త జోడు వచ్చిన ఆదివారం పొద్దున నేను టీకి వెళ్లాను. అక్క నన్ను గుమ్మంలోనే ఆపి చూసింది.

“నీకిన్ని తెల్లవెంట్రుకలు ఎప్పుడొచ్చాయే?”

“నువ్వు చూడనప్పుడు.”

ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూపించింది. బావ చొక్కా మీద రెండేళ్లుగా ఉన్న సిరా మరక చూపించింది. గోడ మీద పచ్చ పట్టీల వంక ఒకసారి చూసి “ఎడమ పక్కది,” అంది. ఆరేళ్ల సంగతి తేలిపోయింది.

తరువాత వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆన్ చేసి, తెర వచ్చాక చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది.

“ఏమండీ, ఇది ఊదా రంగా?”

“ఊదాయే.”

“బూడిద రంగనుకున్నా ఇన్నాళ్లూ.”

బావ గొంతు సర్దుకున్నాడు. “మార్చమంటావా? వద్దంటే వద్దు. చెయ్యి అలవాటు పడింది కదా. నేనేమీ అనను.” ఈ మూడు నెలల్లో మనిషి అంత మారాడు. నేను అక్క తరఫున వద్దు అని చెప్పబోయాను కూడా.

“మిగతావి ఉన్నాయా?” అంది అక్క.

“ఏవి?”

“ఆ పదీ.”

“ఉన్నాయి. బీరువాలో.”

“తెచ్చి మొదటినుంచీ పెట్టండి,” అంది. “నేను ఒక్కటి కూడా చూడలేదు.”

బావ లేచి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. కవర్లు తేదీల వరసలో పేర్చాడు. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో తెరను నాలుగు మూలలా తుడిచాడు. మొదటి పెన్‌డ్రైవు పెట్టాడు. పాత కంప్యూటరు, ఒక్కొక్కటి లేవడానికి నిమిషాలు పడుతుంది. మేం ముగ్గురం తెర వంక చూస్తూ ఎదురుచూశాం. అక్క చూసింది. అతను అది తీసి రెండోది పెట్టి, అక్క వెనకాల నిలబడ్డాడు.

“ఇదా, ముందుదా?”

అక్క ముందుకు వంగి చూసింది, వెనక్కి వాలి చూసింది. “ఆగండి. ముందుది ఇంకోసారి చూపించండి.”

ఆదివారమంతా అలాగే గడిచింది. వంట నేనే చేశాను. గడియారం పైనుంటే తల ఎత్తాలి అంది అక్క. ఈ నీలం బాగుంది, ఈ అక్షరాలు మరీ సన్నం, ఈ బొమ్మల వరస ఎవరు పెట్టారండీ ఇక్కడ అంది. నాకు నచ్చిన డెబియన్‌ను చూసి ఆసుపత్రి గోడలా ఉందంది. సాయంత్రానికి అన్నీ అయ్యి, చివరికి నిలిచింది మింట్. మొట్టమొదట నాలుగు రోజులుండి పోయిందే, అది. న్యాయంగా నాకు ఒళ్లు మండాలి. మండలేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా అక్క కొన్నిసార్లు ‘ఇది’ అంది, కొన్నిసార్లు ‘ముందుది’ అంది. రెండూ ఒకటే అని ఒక్కసారి కూడా అనలేదు.